రికార్డులో ఉన్నట్టు పాడకూడని పాటలు

విజయనగరంలో ఒకే మనిషి పాటను రెండు రకాలుగా వింటాడు. మహారాజా సంగీత కళాశాలలోనో, ఆనందగజపతి ఆడిటోరియంలోనో కచేరీ జరుగుతుంటే వినే తీరు ఒకటి. పాడుతున్న త్యాగరాజ కీర్తన అతనికి ముందే తెలుసు, పక్కన కూర్చున్నవాళ్లకూ తెలుసు. ఆ కీర్తనను ఈ గాయని ఈ పూట ఏం చేస్తుందన్నదే అక్కడ ఆసక్తి. పల్లవికి ఏ సంగతులు, అంటే వరుసలో ఏ కొత్త మలుపులు వేసింది, ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే నెరవల్‌కి ఏ పాదం ఎత్తుకుంది, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో ఎక్కడిదాకా వెళ్లి ఎలా తిరిగొచ్చింది అని చూస్తాడు. నేర్చుకున్న పాఠాన్ని నేర్చుకున్నట్టే ఒప్పజెప్పి దిగిపోతే ‘బాగానే పాడింది గానీ సొంతంగా ఏమీ లేదు’ అంటాడు.

అదే మనిషి పైడితల్లి జాతర రోజుల్లో ఆర్కెస్ట్రా ముందు నిలబడితే పూర్తిగా మారిపోతాడు. పి.సుశీల పాట పాడుతున్న అమ్మాయి ఎక్కడా గీత దాటకూడదు. ‘అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడింది’ అన్నదే అక్కడ పెద్ద మెప్పు. చరణానికి ముందు వచ్చే ఫ్లూట్ బిట్ కాస్త అటూ ఇటూ అయినా జనానికి తెలిసిపోతుంది. సుశీల పుట్టిన ఊరు, ఆమె చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి ఈ పట్టింపు ఇక్కడ ఇంకొంచెం ఎక్కువే.

అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతంలో గాయనులు పాత పాటల్ని కొత్తగా పాడిన ఆల్బమ్‌లు వినమని మిత్రులకు ఇస్తుంటాను. చాలామంది రెండు మూడు పాటలకే ఆపేస్తారు. ‘అసలు వరుస ఏదో తెలియడం లేదు, తాళం ఎక్కడుందో దొరకడం లేదు’ అంటారు. ఇబ్బంది సంగీతంలో ఉందని నేననుకోను. అవి సినిమా పాటల్లాంటి పాటలు కాబట్టి ఆర్కెస్ట్రా ముందు నిలబడి విన్నట్టు వింటున్నాం. వాటిని కచేరీలో కూర్చుని విన్నట్టు వినాలి. సినిమా పాటను తీసుకుని దానితో కీర్తనకు చేసే పనంతా చేస్తే ఏమవుతుందో, జాజ్‌లో స్టాండర్డ్ అనేది దాదాపు అదే.

ముందు ఆ పాటలు ఎక్కడివో చూద్దాం. 1920ల నుంచి 1950ల దాకా న్యూయార్క్ బ్రాడ్‌వేలో సంగీత నాటకాలు జోరుగా ఆడాయి. వాటికీ, హాలీవుడ్ సినిమాలకూ జార్జ్ గెర్ష్విన్, కోల్ పోర్టర్, ఇర్వింగ్ బెర్లిన్, రిచర్డ్ రాడ్జర్స్ లాంటివాళ్లు వందల పాటలు కట్టారు. వాళ్లు జాజ్ కోసం రాయలేదు. కథలో ఒక పాత్ర ఒక సందర్భంలో పాడుకోవడానికి రాశారు. తర్వాత చాలా నాటకాలు మూలనపడ్డాయి, వాటి కథలు ఎవరికీ గుర్తులేవు. పాటలు మాత్రం జాజ్ వాద్యగాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. ఏ ఊళ్లో ఏ నలుగురు కలిసినా రిహార్సల్ లేకుండా కలిసి వాయించగల ఉమ్మడి సరుకుగా మిగిలాయి. వీటికి డ్యూక్ ఎల్లింగ్టన్, థెలోనియస్ మాంక్ లాంటి జాజ్ వాళ్లే కట్టిన రచనలు కూడా చేరాయి గానీ, రాశిలో ఎక్కువ భాగం నాటకాల పాటలే.

నాటకం పాట నాటకాన్ని వదిలి బతకడం మన ఉత్తరాంధ్రకు తెలియనిది కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యాలు తీసుకోండి. రాయబారానికి వచ్చిన కృష్ణుడి పద్యాలు ఊరూరా నోటికొచ్చు. పీసపాటి నరసింహమూర్తి పాడితే ఒక తీరు, ఈలపాట రఘురామయ్య పాడితే ఇంకో తీరు, షణ్ముఖి ఆంజనేయరాజు పాడితే వేరొక తీరు. పద్యం మారలేదు, ఛందస్సు మారలేదు. రాగం ఎక్కడ ఎత్తుకోవాలి, ఏ మాట దగ్గర ఆగాలి, దేన్ని మాట్లాడినట్టు అనేసి దేన్ని సాగదీయాలి అన్నది నటుడి సొంతం. జనం వన్స్‌మోర్ కొట్టింది పద్యానికి కాదు, ఆ నటుడు దాన్ని అన్న తీరుకి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రాత్రంతా మేలుకుని పద్యనాటకాలు చూసిన తరానికి జాజ్ గాయని చేసే పని ఒక్క మాటలో అర్థమవుతుంది. అందుకే ఈ సంగీతం మనకు దూరం అనే మాట నేను ఒప్పుకోను.

ఇప్పుడు పాట కట్టుబడి. స్టాండర్డ్స్‌లో ఎక్కువ భాగం 32 బార్ల పాటలు. ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు. మన ఆదితాళంలో లెక్కేస్తే 16 ఆవర్తాలు. ఈ 32 బార్లనూ ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలుగా కడతారు. మొదటి ముక్క వరుస రెండోసారి అలాగే వస్తుంది, మూడో ముక్క వేరే దారి పడుతుంది, నాలుగోది మళ్లీ మొదటి వరుసకు వస్తుంది. మూడో ముక్కను బ్రిడ్జ్ అంటారు. గాయని ఒకసారి పాట మొత్తం పాడాక అదే 32 బార్ల చట్రం మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. దాని మీద పియానో, శాక్సఫోన్ వాళ్లు తమ కల్పన చేస్తారు. చివర్లో గాయని మళ్లీ పాటను అందుకుంటుంది. పాట మధ్యలో ‘వరుస పోయింది’ అనిపించే భాగం ఇదే. వరుస పోయినా చట్రం పోదు. మనసులో అసలు పాటను లోలోపల పాడుకుంటూ వింటే బ్రిడ్జ్ వచ్చిన క్షణం తెలుస్తుంది, గాయని ఎప్పుడు అందుకుంటుందో కూడా ముందే తెలుస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ మీద కీర్తన విన్నప్పుడు సాహిత్యం మనమే లోపల పాడుకుంటాం కదా, అలాగ.

ఇక మార్పులు. గాయని మొట్టమొదట ముట్టుకునేది కాలాన్ని. దీనికి గురువు బిల్లీ హాలిడే. ఆమె గొంతు పరిధి పెద్దది కాదు, ఒక స్థాయికి కాస్త ఎక్కువ. 1935 నుంచి పియానిస్ట్ టెడ్డీ విల్సన్ బృందంతో ఆమె చేసిన రికార్డుల్లో చాలా పాటలు సాధారణమైనవే. పైకీ కిందికీ తిరిగే వరుసను ఆమె మూడు నాలుగు స్వరాల్లోకి కుదించేది. మాటను దెబ్బ మీద పడనివ్వకుండా కొంచెం ఆలస్యంగా వదిలేది. మన కీర్తనల్లోనూ తాళం వేశాక అరదెబ్బో ముప్పావు దెబ్బో దాటాక పాట ఎత్తుకోవడం ఉంది, పాట ఎత్తుకునే ఆ చోటును ఎడుపు అంటారు. కానీ మన ఎడుపు రచనలోనే స్థిరపడి ఉంటుంది. హాలిడే ఎడుపు ప్రతి పాదానికీ జారుతుంది. వెనక బృందం నిక్కచ్చిగా నడుస్తుంటే ఆమె ఒక్కతే వెనకబడి, పాదం చివరికొచ్చేసరికి కలుస్తుంది. ఆ వెనకబాటులోనే మాటకు బరువొస్తుంది: ఆ సంగతి చెప్పడం తనకు ఇష్టం లేదనో, చెప్పకుండా ఉండలేకపోతోందనో అనిపిస్తుంది. 1958లో, చనిపోవడానికి ఏడాది ముందు ఆమె చేసిన ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బమ్‌లో గొంతు బాగా పాడైపోయి ఉంటుంది. అయినా కాలం మీద ఆ పట్టు అలాగే ఉంది. నాకు ఆమె ఆల్బమ్‌లన్నిట్లో ఎక్కువ ఇష్టమైనది అదే.

రెండో మార్పు మాటల్లో. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1960 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో పాడుతూ ఒక జర్మన్ సంగీత నాటకంలోని పాట మధ్యలో సాహిత్యం మరిచిపోయింది. ఆపలేదు. మరిచిపోయానన్న సంగతినే అప్పటికప్పుడు పాదాలుగా కట్టి, అదే వరుసలో, అదే ప్రాసలో పాడేసింది. ఆ రికార్డుకు గ్రామీ అవార్డు వచ్చింది. మాటలే లేకుండా గొంతును వాద్యంలా పలికించే స్కాట్ గానంలోనూ ఆమెదే పెద్ద పేరు. మన స్వరకల్పనలో గాయని స్వరాల పేర్లే పలుకుతుంది, స్కాట్‌లో అర్థం లేని అక్షరాలు పలుకుతారు. వాటికి పేర్ల బాధ్యత లేదు కాబట్టి శబ్దం కోసమే అక్షరాన్ని ఎంచుకోవచ్చు. అయితే కొత్తగా వినేవాళ్లకు ఎల్లాలో నేను ముందు చెప్పేది స్కాట్ కాదు. 1956 నుంచి 1964 దాకా ఒక్కో స్వరకర్త పాటల్ని ఒక్కో ఆల్బమ్‌గా ఆమె పాడిన సాంగ్ బుక్ వరుస ఉంది. మొదటిది కోల్ పోర్టర్‌ది. వాటిలో ఆమె వరుసను పెద్దగా కదపదు, మాట స్పష్టంగా ఉంటుంది. ఒక పాట అసలు రూపం తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పాఠం లేదు. అది వచ్చాక మిగతావాళ్లు ఆ పాటను ఎక్కడెక్కడ వంచారో మనకే వినబడుతుంది.

మూడోది హార్మనీ, అంటే వరుస కింద కొన్ని స్వరాలు కలిపి మోగించడం. మనకు నిజంగా కొత్తది ఇదొక్కటే, కాబట్టి కాస్త నెమ్మదిగా చూడాలి. కచేరీలో తంబురా స-ప మీద నిలబడి ఉంటుంది. గాయని ఎంత దూరం వెళ్లినా కింద నేల కదలదు. పియానో ఉన్న సంగీతంలో నేల కదులుతుంది. హార్మోనియం దగ్గరుంటే ఇది చేసి చూడండి. శంకరాభరణం స్వరాలు తీసుకోండి. కుడిచేత్తో పై స్థాయి షడ్జం ఒక్కటి నొక్కి పట్టుకోండి, అదే గాయని పాడుతున్న స్వరం అనుకోండి. ఎడమచేత్తో కింద స-గ-ప కలిపి నొక్కండి, ఇలా కలిసి మోగే స్వరాలనే కార్డ్ అంటారు. పైన మోగే షడ్జం ఇంటికి చేరినట్టు ఉంటుంది. ఇప్పుడు కింద ద-స-గ నొక్కండి. పై స్వరం మారలేదు, కానీ అందులోకి దిగులు వచ్చింది. కింద మ-ద-స నొక్కండి, అదే షడ్జం ఇప్పుడు విచ్చుకున్నట్టు ఉంటుంది. మన గ్రహభేదంలో ఆధార షడ్జాన్ని మార్చి చూస్తే అవే స్వరాలు ఇంకో రాగంగా వినబడతాయి. ఆ మార్పు ప్రతి రెండు దెబ్బలకూ నాలుగు దెబ్బలకూ జరుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, హార్మనీకి దగ్గరగా వస్తారు.

పాత పాటను కొత్తగా పాడే ఆల్బమ్‌లో సగం పని ఇక్కడే జరుగుతుంది. గాయని వరుసను ఉన్నదున్నట్టే పాడుతుంది. పియానిస్ట్ కింద వేరే కార్డ్స్ వేస్తాడు. పెళ్లిపాట లాంటి సంతోషమైన వరుస కింద నేల చీకటిగా మారిపోతుంది. ‘ఈ పాట ఇంత విషాదంగా ఉంటుందని తెలియదే’ అనిపిస్తే, గాయని గొంతునే కాదు, పియానిస్ట్ ఎడమచేతిని కూడా వినండి. మన చెవి దీనికి పూర్తిగా అలవాటు లేనిదేం కాదు. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారు స్వరపరచిన సినిమా పాటల్లో పియానో మన ఇళ్లలో మోగిందే. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే కుర్రాళ్లకు కార్డ్స్ చేతివేళ్లలో ఉన్నాయి. అవి మార్చి వాయించే అవకాశం ఎవరూ ఇవ్వరు, అంతే.

ఈ కదిలే నేలతో ఇబ్బందిగా ఉన్నవాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. 1959లో బ్రాడ్‌వేకు వచ్చిన ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ నాటకంలోని ‘మై ఫేవరెట్ థింగ్స్’ అనే పాటను శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1960లో రికార్డు చేశాడు. గాత్రం లేదు, దాదాపు 14 నిమిషాలు. కార్డ్స్ మార్పుల్ని బాగా తగ్గించి, ఒక్కో కార్డ్ మీద చాలాసేపు నిలబడి వాయించాడు. తంబురా మీద రాగం వింటున్నట్టే ఉంటుంది. ఆయనకు హిందుస్థానీ సంగీతం మీద మక్కువ, కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పెట్టుకున్నాడు. అది విన్నాక ఇటు రావడం తేలిక.

నాలుగో మార్పు నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకుంటుంది: మాట మార్చకుండా అర్థం మార్చడం. సెసిల్ మెక్‌లోరిన్ సాల్వంట్ అనే గాయని ఉంది. 1989లో మయామీలో పుట్టింది, తండ్రిది హైతీ, తల్లి ఫ్రెంచ్. ఫ్రాన్స్‌లో న్యాయశాస్త్రమూ పాత యూరప్ శాస్త్రీయ గానమూ చదువుకుంటూ జాజ్‌లోకి వచ్చింది. 2010లో థెలోనియస్ మాంక్ పేరు మీద జరిగిన జాజ్ పోటీ గెలిచింది. 2015లో వచ్చిన ఆమె ఆల్బమ్‌లో 1963 నాటి ‘వైవ్స్ అండ్ లవర్స్’ అనే పాట ఒకటుంది. ఆయన ఆఫీసు నుంచి వచ్చే వేళైంది, తల దువ్వుకో, ముస్తాబవు, లేకపోతే బయట అందమైన అమ్మాయిలున్నారు జాగ్రత్త అని భార్యలకు సలహా ఇచ్చే పాట అది. ఆ రోజుల్లో మగవాళ్లు సరదాగా పాడి హిట్ చేశారు. సాల్వంట్ ఆ మాటల్నే పాడింది. వెక్కిరించలేదు, వ్యాఖ్యానం చేయలేదు. ఈ తరం ఆడమనిషి గొంతులో, ఆమె వాటిని పలికిన తీరులో, ఆ సలహా బెదిరింపులా వినబడుతుంది. ఒక పాట 50 ఏళ్ల తర్వాత తనమీద తానే సాక్ష్యం చెప్పినట్టు ఉంటుంది. గురజాడ కన్యాశుల్కంలో ఆనాటి జనం మామూలుగా అనుకునే మాటల్నే పాత్రల నోట పెట్టి మనల్ని ఉలిక్కిపడేలా చేశాడు. గురజాడ ఊరి వాళ్లం మనం, ఈ పద్ధతి మనకు ఇట్టే పట్టుబడాలి.

మొదటిసారి ఒక ఆల్బమ్ మొత్తం వినాలంటే ఆమె 2018 ఆల్బమ్ ‘ద విండో’ వినమంటాను. 17 పాటలు. గాయని, పియానిస్ట్ సల్లివన్ ఫోర్ట్‌నర్, దాదాపు అంతే. డ్రమ్స్ లేవు, బేస్ లేదు. కొన్ని స్టూడియోలో, కొన్ని న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో జనం ముందు రికార్డు చేశారు. ఆమెకు అది మూడో గ్రామీ. నేను దీన్ని ఎంచుకోవడానికి కారణం ఆ ఇద్దరే ఉండటం. తాళం పట్టుకునే మూడోమనిషి లేకపోవడంతో వేగం ఎక్కడైనా మార్చుకోవచ్చు, ఆపేయవచ్చు, కార్డ్ ఆ క్షణంలో మార్చవచ్చు. పక్క వయొలిన్ ఒక్కటే పెట్టుకుని రాగం పాడుతున్నప్పుడు గాయనికీ వయొలిన్‌కీ మధ్య నడిచే ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ పాట పొడవునా ఉంటుంది. తేడా ఏమిటంటే మన వయొలిన్ గాయనిని అనుసరిస్తుంది, ఇక్కడ పియానో ఎదురు ప్రశ్న కూడా వేస్తుంది. సాల్వంట్ గొంతు ఒకే పాటలో ముదురు గొంతు నుంచి పసిపిల్ల గొంతుకు మారుతుంది. నాటకం పాటను నాటకంలా పాడుతుంది, పద్యం చెప్పే నటుడిలా.

పాటల ఎంపిక కూడా చూడండి. రిచర్డ్ రాడ్జర్స్ నాటకాల పాటలున్నాయి, 1957 నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ నుంచి ఒకటుంది, ఒక ఫ్రెంచ్ పాట ఉంది, 1973 నాటి స్టీవీ వండర్ పాట ఉంది. స్టాండర్డ్స్ అంటే మూసేసిన జాబితా కాదన్నమాట. ప్రేమ గురించి రకరకాల కాలాల్లో రాసిన పాటల్ని పక్కపక్కన పెట్టి, ఒకదానితో ఇంకోదాన్ని ప్రశ్నిస్తుంది. పాటల వరుసే ఒక వ్యాఖ్యానం. అందుకే షఫుల్‌లో పెట్టి వినొద్దని గట్టిగా చెబుతాను.

మన దగ్గర సినిమా పాటతో ఇలా ఎందుకు చేయరు అనే ప్రశ్న రాకమానదు. అలవాటు ఒక కారణం. ఇంకో కారణం చట్టం, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అమెరికాలో 1909 నాటి కాపీరైట్ చట్టం నుంచే, ఒకసారి రికార్డయి విడుదలైన పాటను ఎవరైనా నిర్ణీత రాయల్టీ చెల్లించి మళ్లీ రికార్డు చేసుకోవచ్చు, స్వరకర్త కాదనలేడు. 1976 చట్టంలోని 115వ సెక్షన్ అయితే పాడేవారి శైలికి తగినట్టు పాటను అమర్చుకునే హక్కు కూడా ఇచ్చింది. మూల వరుసనూ పాట ప్రాథమిక స్వభావాన్నీ మార్చకూడదన్న షరతు మాత్రం ఉంది. పైగా అక్కడ పాతకాలపు ప్రచురణలకు హక్కు 95 ఏళ్లు. 1929లో అచ్చయిన పాటలు 2025 జనవరి 1న అందరివీ అయిపోయాయి. ఇలా ఏటా కొన్ని స్టాండర్డ్స్ హక్కుల నుంచి బయటికొస్తున్నాయి.

మన కాపీరైట్ చట్టానికి 2012 సవరణలో 31సి అనే సెక్షన్ చేర్చారు. అది కవర్ వెర్షన్‌ల గురించి. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. కనీసం 50,000 కాపీలకు రాయల్టీ ముందే కట్టాలి. ఇవన్నీ అర్థమయ్యేవే. అసలు మాట తర్వాత ఉంది: రికార్డింగ్‌కు సాంకేతికంగా అవసరమైతే తప్ప, హక్కుదారు సమ్మతి లేకుండా సాహిత్యంలోగానీ సంగీతంలోగానీ మార్పు చేయకూడదు. అంటే రికార్డులో ఉన్నట్టు పాడితే చట్టం దారి ఇస్తుంది. కింద కార్డ్స్ మార్చి, లయ మార్చి, ఒక చరణాన్ని వేరేలా తిప్పి రికార్డు చేయాలంటే హక్కుదారు దగ్గరికి వెళ్లి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. మొదటి గాయనీ గాయకుల హక్కు, స్వరకర్త గౌరవం కాపాడాలన్న ఉద్దేశం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. అయినా ఈ నిబంధన పాటను బతికున్నదిగా కాక, భద్రపరచాల్సిన వస్తువుగా చూస్తుందని నా అభిప్రాయం. త్యాగరాజు 1847లో వెళ్లిపోయాడు, ఆయన కీర్తనలకు కాపీరైట్ లేదు. ఆ స్వేచ్ఛలోనే ఇన్ని పాఠాంతరాలూ ఇన్ని సంగతులూ వచ్చాయి.

చట్టం సంగతి రికార్డింగుకే. వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి, మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. ఒక్క పాట తీసుకోండి. ఎల్లా పాడినది నోటికి వచ్చేదాకా వినండి, కూనిరాగం తీయగలిగేంతగా. తర్వాత అదే పాట బిల్లీ హాలిడే పాడితే వినండి, మాట ఎక్కడ వెనకబడుతుందో వేలితో తాళం వేస్తూ చూడండి. ఆ తర్వాత శాక్సఫోన్ మీద ఎవరైనా వాయించినది. జాజ్‌లో పాత పాటను కొత్తగా వాయించడానికి పెద్దబాట వేసింది 1939లో కోల్‌మన్ హాకిన్స్ చేసిన ‘బాడీ అండ్ సోల్’ రికార్డు. మొదట్లో కాసేపు అసలు వరుస ఛాయలు కనబడతాయి, తర్వాత ఆయన దాన్ని పూర్తిగా వదిలేసి ఆ మూడు నిమిషాల రికార్డు చివరిదాకా కల్పనే చేస్తాడు. జనం విసుక్కోలేదు, ఆ రికార్డు బాగా అమ్ముడుపోయింది. లోపల పాట మోగుతున్న శ్రోతలు అంతమంది ఉన్నారన్నమాట.

అప్పుడు ‘ద విండో’కి రండి, మొదటి పాట నుంచి. చివరిది ‘ద పీకాక్స్’. అది మిగతావాటికి తలకిందులు: జిమ్మీ రోల్స్ అనే పియానిస్ట్ మాటల్లేకుండా వాద్యం కోసం కట్టిన వరుస, మాటలు తర్వాత బ్రిటిష్ గాయని నార్మా విన్‌స్టన్ రాసింది. గొంతు కోసం కట్టినది కాకపోవడంతో వరుస దూకుళ్లతో, వక్రగతులతో నడుస్తుంది, పాడటం చాలా కష్టం. మెలిస్సా అల్డానా శాక్సఫోన్ ఇందులో వచ్చి చేరుతుంది. మొదటిసారి వరుస ఎక్కడికి పోతోందో దొరకకపోవచ్చు. గాయనినీ శాక్సఫోన్‌నీ పక్కన పెట్టి ఒకసారి పియానో ఒక్కటే వినండి, తర్వాత గొంతు ఒక్కటే వినండి, మూడోసారి అన్నీ కలిపి.